నాలుగు సిప్పాల మొక్కు

రెండు వేల ఎనిమిదిలో నా కూతురు సత్యప్రియ బరువు నాలుగు సిప్పాలు. తమిళనాట ఇండూరు పక్కన ఉన్న మా బెల్లం గానుగలో సిప్పం అంటే ముప్పై కిలోల మూట. తక్కెడకు ఒక పక్క సిప్పాలు పేర్పించి, ఇంకో పక్క పిల్లను కూర్చోబెట్టి తూయించింది మా అత్త రంగమ్మ. ముల్లు నిలిచాక పెరుమాళ్ల గుడి వైపు తిరిగి చేతులు జోడించింది.

"ఆపరేషన్ బాగా జరిగి నా మనమరాలు నిలబడితే, దాని బరువు బెల్లం నీకిస్తాను సామీ."

"ఎవరి బెల్లం అత్తా?" అన్నాను.

"నీదే. నాకేమన్నా గానుగ ఉండాదా?"

సత్యప్రియకు అప్పుడు ఇరవై ఆరేళ్లు. ధర్మపురిలో ఒక నూలు మిల్లు ఆఫీసులో పని చేసేది. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. మోకాళ్లు పట్టేసేవి. చక్కెర జబ్బు కూడా వచ్చింది. నా భార్య పుట్టమ్మ అదే జబ్బుతో నలభై దాటగానే పోయింది. తల్లిదీ కూతురిదీ ఒకటే ఒళ్లు, ఒకటే మొహం. పిల్ల నడిచి వస్తుంటే నాకు చూడబుద్ధయ్యేది కాదు. బెల్లంవాడి ఇంట్లో చక్కెర జబ్బని ఊరు నవ్వింది. నవ్విన వాళ్లందరూ నాకు గుర్తున్నారు.

టౌన్ డాక్టరు కోయంబత్తూరు పొమ్మన్నాడు. అక్కడ కడుపులో ఎక్కువ భాగం కోసి తీసేసి, మిగిలినదాన్ని కుట్టేస్తారట. తినేది తగ్గుతుంది, బరువు దిగుతుంది, చక్కెర కూడా అదుపులోకి వస్తుందన్నాడు. ఖర్చు మూడు లక్షలు. మిల్లువాళ్లు ఇచ్చిన ఇన్సూరెన్సు ఉంది కదా అని సత్యప్రియ ధైర్యంగా ఉంది. కాగితాలు పంపింది. జవాబు వచ్చిన రోజు అన్నం ముట్టలేదు.

"బరువు తగ్గించే వైద్యానికి పాలసీ లేదంట నాయనా. అది అందం కోసం చేయించుకునేదంట."

"ఎవరు చెప్పినారు?"

"కంపెనీవాళ్లు."

"మీ అమ్మ అందం కోసమే చచ్చిపోయిందా, అడుగు వాళ్లను."

పిల్ల ఏడ్చింది. నేను గానుగ దగ్గరికి పోయాను.

మరుసటి వారం హరూర్ నుంచి బాలసుందరం వచ్చాడు. పుట్టమ్మ తమ్ముడు, ఇన్సూరెన్సు ఏజెంటు. ఒకప్పుడు అతనే నా భార్య పేరు మీద ఒక పాలసీ కట్టించాడు. ఫారంలో ఏ జబ్బూ లేదని అతనే రాశాడు. చక్కెర ఉందని అతనికి తెలుసు. రాస్తే పని ఆలస్యమవుతుందని రాయలేదు. పుట్టమ్మ పోయాక కంపెనీ ఆ ఒక్క వరుస చూపించి పైసా ఇవ్వలేదు. అప్పటినుంచి నేను అతనితో మాట్లాడలేదు. పండగలకు వస్తాడు. రావద్దని చెప్పలేదు, చెప్పాలంటే మాట్లాడాలి కాబట్టి.

వచ్చి, నా ఎదురుగానే కూర్చుని, స్కాన్ కాగితం చదివాడు.

"బావా, పిల్లకు పిత్తాశయంలో రాళ్లు కూడా ఉండాయంట. రాళ్లకు పాలసీ ఉండాది."

నేను కూతురి వైపు తిరిగాను. "ఈసారి ఏ అబద్ధం రాస్తాడో మీ మామను అడుగమ్మా."

"నాయన అడిగేది విన్నావు కదా మామా," అంది సత్యప్రియ.

"ఒక్కటీ రాయనని మీ నాయనకు చెప్పు. రాళ్లూ కడుపూ ఒకే దినం చేస్తారు. బిల్లు మాత్రం రెండుగా ఇమ్మంటాను. చక్కెర ఉండాదని మొదటి వరుసలోనే రాయిస్తాను. రాళ్లకు ఎంతొస్తే అంత. కడుపుకు రాదు, ఆశ పెట్టుకోవద్దను."

"ఆశ పెట్టుకునే వయసు దాటిపోయిందని చెప్పు," అన్నాను.

"అయ్యో! ఇద్దరి మధ్య నేను పోస్టుమ్యానా?" అంది సత్యప్రియ. ఆ ఇంట్లో చాలా రోజుల తర్వాత నవ్వు వినిపించింది. నాది కాదు.

బాలసుందరం అన్నంత పనీ చేశాడు. ఆసుపత్రిలో ఇన్సూరెన్సు కిటికీ ముందు నిలబడి, కాగితం వెనక్కి వచ్చినప్పుడల్లా మళ్లీ ఇచ్చాడు. అతని చొక్కా వీపు చెమటకు తడవడం వెనక బెంచీ మీద నుంచి చూశాను. మంచినీళ్లు ఇవ్వలేదు.

ఆపరేషన్ అయింది. పిల్ల కడుపులోని రాళ్లకు కంపెనీ డబ్బిచ్చింది. నా మెట్ట చేలోని రాళ్లకు మా ఊరి గోవిందన్ ఇచ్చాడు. అర ఎకరం అతనికి రాసిచ్చి మిగిలిన బిల్లు కట్టాను. అందులో కడుపు కుట్టే పిన్నుల పెట్టెలకే ఒక్కోదానికి ఒక ఎద్దు ధర వేశారు. ఇంటికొచ్చాక నెలనెలా మాత్రలు, పొడి డబ్బాలు, కోయంబత్తూరు బస్సు. వీటిలో దేనికీ పాలసీ లేదు. నేను ఎవరినీ అడగలేదు. పుట్టమ్మ రోగానికి అమ్మడానికి ఆ రోజు నాకు చేను కూడా లేదు. ఈసారి ఉంది.

ఏడాది తిరిగింది. సత్యప్రియ ధర్మపురి బస్సు దిగి గానుగదాకా ఆగకుండా నడిచి వచ్చింది. చక్కెర మాత్రలు డాక్టరు ఆపేశాడు. పాత రవికెలు బిగించి కుట్టించుకుని, అవీ వదులై, కొత్తవి కొనుక్కుంది. అదీ ఖర్చే. ఆ ఖర్చు నాకు నచ్చింది.

రంగమ్మ మొక్కు తీర్చాలంది. గుడిలో తక్కెడ లేదు. మా గానుగ తక్కెడను బండి మీద వేసుకుపోయి మండపం దూలానికి వేలాడదీశాం. నాలుగు సిప్పాలు మోయించాను. సత్యప్రియ ఒక పళ్లెంలో కూర్చుంది. ఇంకో పళ్లెంలో రెండు సిప్పాలు, పైన సగం. ముల్లు నిలిచింది.

పక్క చేని కాళియన్ చప్పట్లు కొట్టాడు. "సామికి ఒకటిన్నర సిప్పం నష్టం! ఆపరేషన్ చేయించినోడికి లాభం!"

"లాభం లేదు, ఏమీ లేదు," అంది రంగమ్మ. "మొక్కిన దినం నాలుగు. నాలుగూ పెట్టండి."

పూజారి తల అడ్డంగా ఊపాడు. "నాలుగు పెడితే పిల్ల పైకి లేస్తుంది, అవ్వా. తక్కెడ సమంగా నిలవకుండా మొక్కు తీరదు. బరువు ఈరోజుది ఎంతో అంతే."

"ఈరోజుది ఇచ్చి తప్పించుకుంటే పోయిన బరువును సామి తిరిగి పంపిస్తాడు. అప్పుడేం చేస్తావు, నువ్వు మోస్తావా?"

జనం నవ్వారు. సత్యప్రియ నవ్వలేదు. తక్కెడ గొలుసును రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. నేను ఆ మాట నమ్మను. కానీ పిల్ల నమ్మింది. ఏడాదిగా ప్రతి ముద్దకూ ఆ భయమే తనకు ఉందని అప్పుడు అర్థమైంది నాకు.

"నాలుగూ పెట్టండి," అన్నాను. "చెప్పిన మాటలో వంకలు వెతికి తగ్గించి ఇవ్వడానికి నేను ఇన్సూరెన్సు కంపెనీని కాను."

"సమం ఎట్లా అవుతుందయ్యా?" అన్నాడు పూజారి.

చుట్టూ చూశాను. స్తంభానికి ఆనుకుని బాలసుందరం నిలబడి ఉన్నాడు. ఎండిన చెరకు గడలా ఉంటాడు మనిషి. నా కళ్లు జీవితమంతా మూటలు తూచిన కళ్లు. అతను ఒకటిన్నర సిప్పం.

"మీ మామను ఎక్కమను," అన్నాను కూతురితో.

బాలసుందరం చెప్పులు విడిచే వచ్చాడు కాబట్టి ఆలస్యం చేయలేదు. మేనకోడలి పక్కన పళ్లెంలో ముడుచుకుని కూర్చున్నాడు. మిగిలిన సిప్పాలు ఎత్తి పెట్టారు. పళ్లెం ఊగింది. అతను భయపడి లేవబోయాడు.

"కదలొద్దురా!" అన్నాను.

ముల్లు నిలిచింది. పూజారి హారతి ఇచ్చాడు. సత్యప్రియ గొలుసు వదిలింది. వదిలి, రెండు చేతులతో ముఖం తుడుచుకుంది. రంగమ్మ బుగ్గలు నొక్కుకుంది.

"బావా," అన్నాడు బాలసుందరం పళ్లెంలోంచే. "నాతో మాట్లాడినావు."

"తక్కెడతో మాట్లాడినాను."

"సరి బావా."

కాళియన్‌తో సహా మండపమంతా నవ్వింది. ఈసారి నవ్విన వాళ్లను గుర్తు పెట్టుకోలేదు.

బెల్లం పానకం చేసి అందరికీ పోశారు. సత్యప్రియ చిన్న గుక్క తాగి చాలంది. మిగిలిన గ్లాసు నాకిచ్చింది. తాగాను. మా బెల్లమే, బాగుంది.

బాలసుందరాన్ని నేను క్షమించలేదు. క్షమించను. బండి మీద తక్కెడ ఎక్కిస్తుంటే హరూర్ బస్సు వేళైందని అతను కండువా దులుపుకున్నాడు.

"మీ మామకు చెప్పు," అన్నాను సత్యప్రియతో. "అన్నం తిని పొమ్మను."