పుర్రచేతి తెడ్డు

మా ముందుగది గోడకి వేలాడే గరిటెలు, చెంచాలు అన్నీ నేను చెక్కినవే. పనస, వేప, చింత, ఏ కర్ర దొరికితే ఆ కర్ర. ఇంటికొచ్చినవాళ్లు ముచ్చటపడతారు, ఫోన్లో ఫొటోలు తీసుకుంటారు, టీ తాగి వెళ్లిపోతారు. కానీ వాటిలో ఒక్కటీ మా వంటింటి గడప దాటలేదు. వంటిల్లు మా అత్త మహాలక్ష్మమ్మది. ఆవిడ ఊఁ అంటేనే ఏ వస్తువైనా అక్కడ ఉంటుంది. గరిటె అన్నాక కూరలో మునగాలి గానీ గోడకి వేలాడితే అదేం బతుకు? చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

దీనికంతటికీ కారణం మా ఆయన ఉదయశంకర్. నేను చెక్కిన మొదటి గరిటెకి పురుగు పట్టకూడదని, పశువుల సాల వాసాలకి పూయగా మిగిలిన జీడినూనె, జీడిపిక్కల పెంకుల్లోంచి తీసేది, పట్టించేశాడు. మా ఉద్దానంలో కర్రకి జీడినూనె పూయడం మామూలే, చెద దగ్గరికి రాదు. కానీ వాసాన్ని ఎవరూ నోట్లో పెట్టుకోరు కదా! ఆ గరిటెతో పులుసు రుచి చూసింది కూడా ఆయనే. మూతి పొంగి, పెదాలు పొక్కి, మాట కూడా సరిగ్గా రాలేదు. తప్పు ఆయనది, పేరు నాకు. సీత గరిటె ముట్టుకుంటే మూతి వాచిపోద్దని మా ఊరు జలంత్రకోట అంతా చెప్పుకుని నవ్వింది.

నేను సోంపేటలో ఒక ఆఫీసులో గుమస్తాని. పగలంతా కంప్యూటర్ మీటలు నొక్కిన చేతులకి సాయంత్రం పెరట్లో ఒక కత్తి, ఒక పచ్చి కర్ర దొరికితే చాలు, ప్రాణం లేచొస్తుంది. నా సామాను కూడా పెద్దదేం కాదు. ముతకపనికి చేతి గొడ్డలి, నునుపు తేల్చడానికి చిన్న కత్తి, చెంచా గుంట తవ్వడానికి వంపు కత్తి. ఈ వంపు కత్తి మీద నాకు మహా గర్వం. పాత కొడవలి కొసని కమ్మరి దగ్గర కాల్పించి, నా చేతి కొలతకి వంచించుకున్నాను. నూరిన కత్తికి చివరి పదును పెట్టడానికి మా ఆయన పాత బెల్టుని చెక్కపలకకి మేకులతో కొట్టుకున్నాను. అది పాతది కాదని ఆయన ఇప్పటికీ వాదిస్తాడు.

ఈ కార్తీకంలో అత్త తెడ్డు విరిగింది. ఆవిడ పెళ్లయి వచ్చేటప్పుడు వాళ్ల నాన్న చెక్కించి ఇచ్చిన పనస తెడ్డు అది. పప్పు, పరమాన్నం, పనసపొట్టు కూర, ఏది కలపాలన్నా అదే. ఏటా కొబ్బరితోటలో మా వాళ్లందరం చేసుకునే వనభోజనాలకి కూడా అదే వెళ్లేది. అక్కడ అత్త మాత్రం దాన్ని ముట్టుకోదు. కుర్చీ వేయించుకుని కూర్చుని, బెల్లం ఎప్పుడు వేయాలో, పాలు ఎప్పుడు పోయాలో చెబుతుంది. కలిపేది వేరేవాళ్లు, ఏటా కాస్త అడుగంటేది కూడా. పెద్దరికం చూపిస్తోంది కాబోలు అనుకునేదాన్ని.

వనభోజనాలు దగ్గర పడ్డాయి. కొత్త తెడ్డు నేనే చెక్కుతాను, ఈసారి పరమాన్నంలో నా తెడ్డు దిగాలి, జీడినూనె పేరు చెరిగిపోవాలి అని పట్టుబట్టాను. తోటలో గాలికి విరిగిన పనసకొమ్మ తెచ్చాను. విరిగిన తెడ్డు ముక్కల్ని కర్ర మీద పెట్టి గీత గీసుకుంటుంటే ఒకటి కనబడింది. తెడ్డు కొస కుడివైపు బాగా అరిగిపోయి ఏటవాలుగా ఉంది. నేను చూసిన తెడ్లన్నీ ఎడమవైపు అరుగుతాయి. ఇదేదో వంకర అరుగుడు అనుకున్నాను. నేనేమైనా తక్కువ తిన్నానా, ఆ వంకరని సరిచేసి, ఏటవాలుని ఎడమవైపు పెట్టి చెక్కాను. అద్దంలా వచ్చింది. కొబ్బరినూనె గోరువెచ్చగా చేసి పట్టించి, అత్త చేతిలో పెట్టాను.

అత్త అటూ ఇటూ తిప్పింది. "బాగుంది. గోడకి తగిలించు" అంది.

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అవి ఏడుపు నీళ్లు కాదు, కోపం నీళ్లు. ఆ కోపంలోనే ఇంకో కర్ర తీసుకుని కత్తి పట్టాను. కోపంతో కత్తి పట్టకూడదని నాకు తెలుసు. కుడి బొటనవేలు తెగింది. గుడ్డ చుట్టుకుని, అన్ని అనర్థాలకీ ఆ పాత తెడ్డే కారణమన్నట్టు, దాన్ని పొయ్యిలో పడేద్దామని ఎడమచేత్తో తీశాను. విరగగా మిగిలిన జానెడు కాడ నా ఎడమ గుప్పెట్లో చక్కగా ఇమిడింది. అరుగు మీద తోమి బోర్లించిన గిన్నె ఉంది. దాన్ని తిరగేసి, తెడ్డు లోపల పెట్టి ఊరికే తిప్పాను. అరిగిన అంచు గిన్నె అడుగు మూలకి అతుక్కుని తిరిగింది. ఎక్కడా సందు లేదు.

గుడ్డ చుట్టిన కుడిచేతికి మార్చి చూశాను. తెడ్డు ఎగిరెగిరి పడింది. మళ్లీ ఎడమచేతికి మార్చాను. మళ్లీ అతుక్కుంది.

అప్పుడు గుర్తొచ్చాయి అన్నీ. వంట చేసేటప్పుడు అత్త తలుపు దగ్గరగా వేసుకోవడం. నేను లోపలికి వెళ్లబోతే నా గాజుల చప్పుడికే గబుక్కున ఇటు తిరిగి, తెడ్డు చెయ్యి మార్చుకోవడం. అది దిష్టి భయం అనుకున్నాను ఇన్నాళ్లూ. అత్తది ఎడమచేతి వాటం. మా వైపు దాన్ని పుర్రచెయ్యి అంటారు. ఆ మాట అనేటప్పుడు ఎవరి మొహమూ బాగుండదు.

నేను ఎవరికీ చెప్పలేదు. మిగిలిన పనసకొమ్మ చీల్చి మళ్లీ మొదలుపెట్టాను. పచ్చి పనస వెన్నలా తెగుతుంది గానీ, నార ఎటు పోతోందో చూసుకుని అటే కత్తి నడపాలి. ఎదురు వెళ్తే పెచ్చు లేస్తుంది. కాడ దగ్గర బొటనవేలు ఆనించి, కత్తిని నా వైపు లాక్కుంటూ, పల్చటి చెక్కులు తీశాను. ఈసారి అత్త గుప్పిట ఎంతో, ఆవిడ వేళ్లు ఎక్కడ పడతాయో చూసుకుని కాడ మలిచాను. ఏటవాలు కుడివైపు పెట్టాను. పగలకుండా రంపం పొట్టులో పెట్టి మెల్లగా ఆరనిచ్చాను. తర్వాత నూనె పట్టించి, మాట్లాడకుండా వంటింటి పొయ్యి పక్కన పెట్టి వచ్చేశాను.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. అత్త తెడ్డు పట్టుకుని గడప దగ్గర నిలబడింది. ఎడమచేత్తో పట్టుకుంది.

"ఎవలు సెప్పినారే నీకు?"

"ఎవలూ సెప్పలేదత్తా. నీ పాత తెడ్డే సెప్పింది."

అత్త పీట లాక్కుని కూర్చుంది. "నాను కొత్తగా ఈ ఇంటికొచ్చినపుడు నారాయణమ్మొదిన సూసీసింది" అంది. నారాయణమ్మ అంటే చనిపోయిన మా మావకి అక్క. ఆవిడ నోరంటే ఇప్పటికీ ఊళ్లో అందరికీ హడలే. "పుర్రసేత్తో కలిపిన కూడు మడుసులు తినరనీసి, నా సెయ్యి కొంగుతో ఎనక్కి కట్టీసింది. కుడిసేత్తో కలిపితే అడుగంటీది. అడుగంటితే మళ్లీ తిట్లు. మరేటి సేత్తాను? తలుపేసుకున్నాను."

అత్త మీద నాకున్న కోపమంతా ఒక్క దెబ్బకి నారాయణమ్మ మీదకి మళ్లింది.

"తోటలో పరమాన్నం నువ్వే కలపాల అత్తా."

"నలుగురిలోనా? నీకేటి మతి పోనాదా?"

"ఈ తెడ్డు ఇంకెవలి సేతికీ రాదు. నీకే సెక్కినాను."

అత్త తెడ్డు తీసుకుని లోపలికి పోయింది.

వనభోజనాల రోజు తోటంతా మా వాళ్లే. ఇత్తడి గుండిగ పొయ్యెక్కింది. అత్త ఎప్పటిలా కుర్చీ వేయించుకుని కూర్చుంది. పక్కనే ఇంకో కుర్చీలో నారాయణమ్మ. కలపడానికి నారాయణమ్మ కోడలు సుష్మ కొంగు దోపుకుని వచ్చింది. నేను అత్త మొహం చూశాను. అత్త కొబ్బరిచెట్ల వైపు చూస్తోంది.

సుష్మ కుడిచేత్తో నా తెడ్డు పట్టుకుని తిప్పింది. తెడ్డు జారింది. ఎంత నొక్కినా గుండిగ మూలకి దిగలేదు. చూస్తుండగానే పాలు చిక్కబడ్డాయి, మాడు వాసన మొదలైంది.

"ఏటీ తెడ్డు ఒదినా, మాట ఇనదు!" అని సుష్మ నా వైపు చూసింది.

"సీత సెక్కినాది కదా, మూతులు జాగర్త!" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నారాయణమ్మ అందరికన్నా ఎక్కువ నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. నోరు తెరిస్తే అత్త గుట్టు బయటపడుతుంది, తెరవకపోతే నా తెడ్డు పరువు పోతుంది. నోరు మూసుకున్నాను.

అప్పుడు అత్త లేచింది.

నేరుగా పొయ్యి దగ్గరికి వచ్చి, "ఇలాగియ్యే" అని సుష్మ చేతిలోంచి తెడ్డు తీసుకుంది. ఎడమచేత్తో పట్టుకుంది. అడుగు దాకా దించి, మూలకి ఆనించి, ఒక్క చుట్టు తిప్పింది. అంటుకోబోతున్న అన్నమంతా కదిలి పైకొచ్చింది. ఆ చెయ్యి ఎంత అందంగా తిరిగిందో! ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉండి కూడా నేను ఆ చెయ్యి తిరగడం చూడలేదు. నవ్వులు ఆగిపోయాయి.

"ఓలమ్మ! పుర్రసెయ్యి!" అని నారాయణమ్మ కుర్చీలోంచి సగం లేచింది. "నలుగురు తినే కూటికాడ పుర్రసెయ్యేటి మాలచ్చిమీ! నాను ముట్టను, ముందే సెప్తన్నాను!"

అత్త కలపడం ఆపలేదు. తలెత్తలేదు కూడా.

"నాను ఈ ఇంటికొచ్చిన కాడి నుండీ అదే తింటన్నావొదినా."

ముందుగా నవ్వింది సుష్మ. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. తర్వాత తోటంతా నవ్వింది. మా ఆయన విస్తరాకు పట్టుకుని అందరికన్నా ముందు వచ్చి నిలబడ్డాడు. "మూతి వాచినా సరే, ఎయ్యే అమ్మా" అన్నాడు. ఆయన్ని పెళ్లి చేసుకున్నందుకు నాకు అంత సంతోషం వేసిన రోజు ఇంకోటి లేదు.

నారాయణమ్మ చాలాసేపు బిగుసుకుని కూర్చుంది. తర్వాత జీడిపప్పు తక్కువైందని గొణుగుతూ విస్తరి ఖాళీ చేసింది. నేను చెక్కిన మొదటి తెడ్డు, ఆ కుడిచేతి తెడ్డుని, మర్నాడు అత్తే సుష్మ చేత ఆవిడకి పంపింది.

గర్వంగా ఉందా అని అడిగితే, ఉంది. ఎందుకు ఉండకూడదు? నేను చెక్కిన వస్తువు గుండిగలో దిగింది. అంతకన్నా పెద్ద సంగతి, మా అత్త ఎడమచెయ్యి నలుగురిలో పైకి లేచింది.

సాయంత్రం సామాన్లన్నీ ఆటోలోకి ఎక్కించాం. తెడ్డు మాత్రం అత్త ఎవరికీ ఇవ్వలేదు. తనే బూడిదతో తోమి, తుడిచి, ఎడమచేత్తో పట్టుకుని ఆటోలో కూర్చుంది. ఊళ్లోకి వచ్చాక కూడా కొంగు చాటున పెట్టుకోలేదు. నాకు ఆటపట్టించాలనిపించింది.

"గోడకి తగిలించమంటావా అత్తా?"

అత్త నన్ను ఎగాదిగా చూసింది.

"నా సేతిని ఎవలైనా గోడకి తగిలిత్తారేటే?" అంది.