బిగుసుకున్న దవడ

పడవను ఒడ్డుకు లాగుతుంటే ఓగోలా అరికాల్లో తుప్పుపట్టిన ఈటె ముక్క దిగింది. పీకి పారేసి, ఆకు పసరు పిండుకుని, మర్నాడు మళ్ళీ సరస్సు మీదికి చేపల వేటకు వెళ్ళాడు. గాయం మానింది కూడా. ఆ తర్వాతే ఒక ఉదయం అతని దవడలు బిగుసుకుపోయాయి.

భార్య అవూర్ పలకరిస్తే బుసలాంటి చప్పుడు తప్ప మాట రాలేదు. వీపు విల్లులా పైకి లేచింది. గుమ్మంలో కోడి రెక్క విదిల్చినా ఒళ్ళంతా కొయ్యబారిపోతోంది.

అత్త న్యాగ్వెనో వచ్చి కొడుకు మొహం చూసింది. ఏడవలేదు.

"తలుపు మూసెయ్. ఎవర్నీ గట్టిగా మాట్లాడనివ్వకు. జొన్నగంజి పల్చగా కాచి, వడగట్టి పట్రా."

"నోరే తెరుచుకోవట్లేదు కదత్తా, ఎలా తాగుతాడు?"

"తెరవక్కర్లేదే పిచ్చిదానా. వాడి చిన్నప్పుడే తెరిచిపెట్టాం."

పిల్లలు ఎదిగే వయసులో కింది ముందుపళ్ళు ఆరూ పీకెయ్యడం వాళ్ళ ఆచారం. ఆ ఊరి కోడళ్ళలో అవి ఉన్నది అవూర్ ఒక్కతికే. ఆమె తండ్రి ఒబూరా మిషన్ చర్చిలో చేరాక, కూతురికి పళ్ళు పీకించేది లేదని భీష్మించాడు. కాపురానికొచ్చిన కొత్తలో ఆడవాళ్ళు "ఏమే గాడిదపిల్లా, గడ్డి బాగా నములుతున్నావా?" అని ఏడిపించేవాళ్ళు. ఆమెకేమో మొగుడు నవ్వినప్పుడు కనిపించే ఆ ఖాళీ చూస్తే ఒళ్ళు జలదరించేది.

ఇప్పుడు అత్త ఓగోలా కింది పెదవిని వేలితో మెల్లగా దించింది. పై పళ్ళు కిందికి దిగిపోయినా చిగురును అందుకోలేదు. మధ్యలో సన్నటి సందు. అందులోకి రెల్లు గొట్టం జొనిపి, చుక్క చుక్కగా గంజి వదిలింది. చాలాసేపు ఏమీ జరగలేదు. అప్పుడు ఓగోలా గొంతు కదిలింది. మింగాడు!

అవూర్ ఇంకాస్త దగ్గరికి జరిగింది.

"ఎవరికి తోచిందత్తా ఇది?" అంది గుసగుసగా.

"ఎవరికి తెలుసే? మా అత్త చెప్పేది, మనవాళ్ళింకా నైలు ఒడ్డున ఆవులు మేపుకునే రోజుల్లో ఒకావిడ బిడ్డకి ఇలాగే నోరు బిగుసుకుపోయిందట. చేతిలో పాలుండీ పట్టలేకపోయింది. మిగిలిన పిల్లలకి ముందే దారి చేసిపెట్టింది. కాదు, ఎక్కడ చచ్చినా మనవాడని గుర్తుపట్టడానికేనంటారు కొందరు. పళ్ళు పీకేటప్పుడు కిక్కురుమనకుండా కూచుంటే పెద్దదాన్నైనట్టేనని నాతో అన్నారు. కూచున్నా."

"మరి ఈ ధనుర్వాతం నాకొస్తే?"

"నీకా? మీ నాన్ననే పిలిచి రాయితో ఆ పళ్ళు రాలగొట్టిస్తా."

అంత భయంలోనూ అవూర్‌కు నవ్వొచ్చింది.

కబురంది ఒబూరా ప్రార్థన చెయ్యడానికి వచ్చాడు. చీకటి గుడిసెలో కూతురు గంజి పడుతుంటే గోడవారన నిలబడిపోయాడు. చేతిలోని ప్రార్థన పుస్తకం తెరవలేదు. నాలుక తన కింది చిగురు మీదికే పోతోంది. ఆయనకూ అక్కడ పళ్ళు లేవు.

"ఇలా ఇవ్వమ్మా," అని గొట్టం అందుకున్నాడు. అల్లుడి పెదవి దించి, చాలాసేపు గంజి పట్టాడు.

"నా పళ్ళు పీకిన రోజు మా అమ్మ నా తల ఒళ్ళో పెట్టుకుంది," అన్నాడు చివరికి. "నాకంటే ఎక్కువ వణికింది. నన్నెందుకు హింసించిందోనని ఇన్నాళ్ళూ కోపంగానే ఉంది నాకు."

న్యాగ్వెనో ఆయన ముందుకు గంజి కుండ జరిపింది.

జొన్న కంకులు పాలు పోసుకునే వేళకు ఓగోలా ఒళ్ళు సడలింది. ముందు మెడ తిరిగింది, ఆనక దవడ కొంచెం కొంచెంగా వదిలింది. ఒక మధ్యాహ్నం అవూర్ గొట్టం పట్టుకుని వంగితే, అతను తల పక్కకు తిప్పేశాడు.

"ఒక్కరోజైనా ఉప్పెయ్యవేమే ఇందులో?"

గుమ్మంలో ఉన్న న్యాగ్వెనో విని, కళ్ళనీళ్ళు కారుతుండగా నోరంతా తెరిచి నవ్వింది. పేరైనా తెలియని ఆ నైలు ఒడ్డు తల్లిని తలుచుకుంటూ, అవూర్ ఆ నోట్లోని పళ్ళ ఖాళీవైపు రెప్పవేయకుండా చూస్తూ ఉండిపోయింది.