అంచున అంటించిన చీటీ

రికార్డుల గదికి పన్నెండేళ్లుగా ఆమే పెద్ద దిక్కు. ఎండ తగలకుండా, చెమ్మ చేరకుండా డిస్కులను నిలువుగా పేర్చి కంటికి రెప్పలా చూసుకుంది. మేడమ్‌కి కన్నపిల్లల కన్నా ఈ పళ్ళేలే ముద్దని ఆఫీసులో ఎగతాళి. నూరేళ్లు బతికిస్తానని పైవాళ్లకు మాటిచ్చింది కూడా. ప్రతి డిస్కు అంచునా చీటీ అంటించి, ముత్యాల్లాంటి అక్షరాలతో పేరు రాసింది. ఆ చీటీ జిగురే లోపలి వెండి పొరను చెదలా తినేస్తోందని ఈ ఉదయమే తెలిసింది.

ఇప్పుడు డ్రైవులో ఉన్నది బావ డిస్కు. బాయిలర్ పేలాక, ఆసుపత్రి మంచం మీద ఆయన చెప్పిన ఆఖరి వాంగ్మూలం. ఆమె చీటీ అంటించాక సీలు వేశారు. నకలు లేదు. రికార్డు చేసినాయన కూడా ఇప్పుడు లేడు, ఇంకెవరూ వినలేదు. బావ డ్యూటీలో నిద్రపోయాడన్న నింద పోవాలంటే ఇదొక్కటే ఆధారం. పదకొండింటికి విచారణ. పది దాటింది. పక్క కుర్చీలో అక్క చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని బిగుసుకుపోయి కూర్చుంది.

లోపలి నుంచి అంచు వైపు చదువుతూ వచ్చిన డ్రైవు, తొంభై శాతం దగ్గర గురగురమని ఆగింది.

"చీటీ పీకేద్దాం మేడమ్," అన్నాడు టెక్నీషియన్.

"పీకితే పొర కూడా ఊడొస్తుంది. చెయ్యి తియ్యి." ఆమె డ్రైవుకు అడ్డం వచ్చింది. "వేగం తగ్గించు. పరుగెత్తి పాలు తాగడం కంటే నిలబడి నీళ్లు తాగడం మేలు."

అన్నిటికన్నా తక్కువ వేగంలో పెట్టాడు. తొంభై ఒకటి. చాలాసేపటికి తొంభై మూడు. తొంభై ఆరు దగ్గర ఇక కదలనని మొండికేసింది. వచ్చినంతవరకూ కాపీ తీసి, చివరి భాగం వినిపించాడు.

బావ గొంతే. "బాయిలర్ ఆపేద్దామని మూడుసార్లు చెప్పాను. మేనేజరే వద్దన్నాడు."

అక్క కళ్లు మూసుకుంది. చెల్లెలికి పోయిన ప్రాణం లేచొచ్చింది. అంతలో ఆ గొంతు సన్నబడింది.

"మా ఆవిడతో ఒక్క మాట చెప్పండి..."

ఆపైన గరగర తప్ప ఏమీ లేదు.

"ఏం చెప్పమన్నారే?" అంది అక్క.

"తెలీదక్కా. ఆ మాట చీటీ కింద పోయింది. అంటించింది నేనే."

టెక్నీషియన్ బయటికి తీసిన డిస్కును అక్క అందుకుని, చీటీ మీది భర్త పేరును వేలితో తడిమింది.

"ఎంత బాగా రాశావే," అంది మెల్లగా.

పుట్టి బుద్ధెరిగాక చెల్లెలు అంతకు మించిన తిట్టు తినలేదు.