కామెర్ల పాఠం

సమ్మమ్మ తూకం మిషను ఎక్కితే, ముల్లు కదలాలా వద్దా అన్నట్టు కదిలి ముప్పైమూడు దగ్గర ఆగిపోయింది. నలభై ఏళ్ళు దాటిన మనిషి. ఎండలో నాట్లు వేసి, కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని చెరువు కట్ట మీద నడిచిన మనిషి. ఇప్పుడు మిషను మీద నుంచి దిగడానికి ఎస్తేరు భుజం పట్టుకోవాల్సి వచ్చింది.

"ఎంతున్న బిడ్డా?"

"ముప్పైమూడు అమ్మా. జర తినాలె నువ్వు."

"తింటాన్న గద," అన్నది సమ్మమ్మ. ఆ మాట అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

వరంగల్ మిషన్ దవాఖానలో ఎస్తేరు చేరిన రెండేళ్ళ శిక్షణ కొత్తగా పెట్టారు. డిగ్రీ చదివిన వాళ్ళకు మాత్రమే. 1984లో రెండో ఏడాది నడుస్తోంది. మొత్తం నలుగురు ఆడపిల్లలు. తిండి గురించీ మనసు గురించీ ఒకేసారి నేర్పే చదువు అది. తినలేని రోగి దగ్గర కూచుని ఏం పెట్టాలో తెలుసుకోవాలి, ఎందుకు తినడం లేదో కూడా తెలుసుకోవాలి. నెక్కొండ నుంచి వచ్చిన ఎస్తేరు ఇంట్లో ఈ చదువు గురించి చెబితే, వాళ్ళ నాన్న యోసేపు, "అన్నం పెట్టుడు, ముచ్చట పెట్టుడు మీ అమ్మ చదువకుంటనే చేస్తాంది గదనే," అని నవ్వాడు.

తిండి పాఠం హన్నా మేడం చెప్పేది. మనసు పాఠం సాల్మన్ సారు చెప్పేవాడు. శరీరమూ మనసూ ఒకటేనని ఇద్దరూ బల్ల గుద్ది చెప్పేవాళ్ళు, కాకపోతే వేరు వేరు గదుల్లో. రోగి తిన్నది గ్రాముల్లో రాసే నోటుబుక్కు మంగళవారం హన్నా మేడం బీరువాలోకి పోయేది. రోగి చెప్పింది మాటల్లో రాసే నోటుబుక్కు శుక్రవారం సాల్మన్ సారు బీరువాలోకి పోయేది. రోగి చెప్పుకున్న గుట్టు ఇంకొకరి కంట పడకూడదని సారు తన బీరువాకు తాళం కూడా వేసేవాడు.

ఒక్కో పిల్లకు ఒక్కో రోగిని అప్పజెప్పారు. ఎస్తేరుకు వచ్చింది సమ్మమ్మ. ధర్మసాగర్ చెరువు పక్క ఊరు. డాక్టర్లు అన్ని పరీక్షలూ చేశారు. కడుపులో పుండు లేదు, రక్తంలో చెడు లేదు. తినడం లేదు, అంతే. ఇట్లాగే ఉంటే వానాకాలం దాటదని పెద్ద డాక్టరు సమ్మమ్మ భర్త వెంకటయ్యకు చెప్పేశాడు. వెంకటయ్య ఎస్తేరు దగ్గరికి వచ్చి కండువా చేతుల్లో నలుపుతూ, "డాక్టరమ్మా, నువ్వన్న తినిపియ్యి," అన్నాడు.

"నేను డాక్టర్ను కాదు బాపు."

"ఎవలైతేంది తల్లీ. తినిపియ్యి."

మొదటి వారం గంజి పెడితే గంజి, పాలు పెడితే పాలు మంచం కింద చల్లారిపోయేవి. ఎస్తేరు గ్రాములు కొలిచి సున్నాలు రాసేది. దవాఖాన వంటగదిలో దీనమ్మ అనే ముసలామె ఉండేది. పత్యపు చీటీలు చూసి వండిపెట్టడం ఆమె పని. తిరిగొచ్చిన గిన్నెలు చూసి ఆమెకు కోపం వచ్చేది.

"ఉప్పు లేదు, కారం లేదు, గీ తెల్ల నీళ్ళు ఎవలు తాగుతరే? నీ చీటీని నువ్వే తిను ఓపూట, జీవునం ఎట్లుంటదో ఎరుకైతది."

"చీటీ నేను రాసింది కాదు పెద్దమ్మా, మేడం రాసింది."

"అయితే మేడాన్నే పిలువు, ముందట కూసుండబెట్టి తాగిపిస్త," అనేది దీనమ్మ.

రెండో వారంలో ఒకరోజు మధ్యాహ్నం దీనమ్మ తన కోసం సర్వపిండి చేసుకుంది. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు కలిపి, గంజు గిన్నె అడుగున అద్ది, సన్న మంట మీద కాల్చింది. ఆ వాసన వార్డు వరండా దాకా వచ్చింది. సమ్మమ్మ తల తిప్పింది. "పల్లీలు మాడుతానయి," అన్నది. ఎస్తేరు పరుగెత్తుకుపోయి ఒక ముక్క తెచ్చింది. సమ్మమ్మ దాన్ని చాలాసేపు చేతిలో పట్టుకుని, అంచు విరిచి నోట్లో వేసుకుంది. నమలుతూ మాట్లాడడం మొదలుపెట్టింది.

ఆమెకు కొమురమ్మ అని ఒక్కతే కూతురు. పదహారేళ్ళది. కిందటేడు పచ్చకామెర్లు అయ్యాయి. పసరు వైద్యుడు ఆకు మందు పోసి పత్యం చెప్పాడు. నూనె చుక్క తగలొద్దు, ఉప్పు వద్దు, నీసు వాసన కూడా పడొద్దు, మజ్జిగా గంజీ తప్ప ఏది పెట్టినా ప్రాణం పోతుంది అన్నాడు. సమ్మమ్మ ఇరవై రెండు రోజులు ఆ మాట జవదాటలేదు.

"చేపల పులుసు అడిగింది బిడ్డా. చెరువు కాడనే పుట్టిన పిల్ల. పక్కింట్ల వండుతాంటే వాసన వచ్చింది. అవ్వా, ఒక్క ముక్క, ఒక్క ముక్కనే అని నా కాళ్ళు పట్టుకున్నది. నేను ఇయ్యలే. చెంప మీద ఒకటి కొట్టిన గూడ. బతుకాలెనని."

"తర్వాత?"

"బతుకలే."

మూడో రోజు పిట్టకు పెట్టారు. చనిపోయిన వాళ్ళకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి దూరంగా నిలబడితే, కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయిన వాళ్ళ మనసులో ఏదో మిగిలిపోయిందని అర్థం. కొమురమ్మ విస్తరి దగ్గరికి కాకి రాలేదు. సమ్మమ్మ అన్నీ పెట్టింది, చేపలు మాత్రం పెట్టలేదు. పత్యం తప్పితే పిల్లకు అక్కడ ఏమవుతుందోనని అప్పటికీ భయం.

"పిల్ల ఆకలితోటి తిరుగుతాంటే నాకు ముద్ద ఎట్ల దిగుతది, నువ్వే చెప్పు. కాని బిడ్డా, ఒక్కటే ధైర్యం. ఆమె మంచికే ఇయ్యలే. ఇస్తె అప్పుడే పోతుండె. ఇయ్యకపోబట్టి ఇరువై రెండు రోజులన్న ఉన్నది. అంతే గద?"

సాల్మన్ సారు నేర్పినట్టు ఎస్తేరు అవుననలేదు, కాదనలేదు. చేయి పట్టుకుని కూచుంది. సమ్మమ్మ సర్వపిండి సగం తినేసింది. "రేపు గూడ చేస్తదా ఆ ముసలామె?" అని అడిగింది.

ఎస్తేరు ఆ కథంతా మాటల నోటుబుక్కులో పూసగుచ్చినట్టు రాసింది. తిండి నోటుబుక్కులో మాత్రం 'సర్వపిండి, సగం, చీటీలో లేనిది' అని ఒక మూలన రాసింది. సారు 'చాలా బాగా విన్నావు' అని రాసి నోటుబుక్కును బీరువాలో పెట్టి తాళం వేశాడు. మేడం సర్వపిండి చుట్టూ ఎర్ర సున్నా చుట్టింది.

ఆ రోజు నుంచి సమ్మమ్మ కొంచెం కొంచెం తిన్నది. పొద్దున గంజి, మధ్యాహ్నం పప్పన్నం నాలుగు ముద్దలు. మూడు వారాల్లో ముల్లు ముప్పైఅయిదుకు వచ్చింది. వెంకటయ్య ఆ ముల్లును చూసి మిషనుకే దండం పెట్టాడు.

వానలు మొదలయ్యాక ఊళ్ళల్లో పచ్చకామెర్లు లేచాయి. వార్డులో ఆరు మంచాలు వాళ్ళతోనే నిండాయి. పత్యం పేరుతో పిల్లల కడుపులు మాడుస్తున్నారని హన్నా మేడం బాధ. రోగులకూ వాళ్ళ వెంట వచ్చిన వాళ్ళకూ వరండాలో పాఠం చెప్పమని ఎస్తేరును పురమాయించింది. దానికి మార్కులున్నాయి. ఎస్తేరు మూడు రోజులు కూచుని అట్టల మీద బొమ్మలు గీసింది. అన్నం, బెల్లం, గుడ్డు, పండ్లు, చేప. చేప కన్ను సరిగ్గా రాలేదని రెండుసార్లు చెరిపి గీసింది.

సోమవారం పది గంటలకు వరండా నిండిపోయింది. సమ్మమ్మ కూడా గోడకు ఆనుకుని కూచుంది. ఎస్తేరు ఆమెను చూసి నవ్వింది. తన మనిషి తన పాఠానికి వచ్చిందని సంతోషం. అంతకు మించి ఏమీ తట్టలేదు. ఆ గంటసేపూ ఆమె చూపు హన్నా మేడం పెన్ను మీదే ఉంది.

"కామెర్లయిన పిల్లలకు తిండి బందు పెట్టొద్దు," అని చెప్పింది ఎస్తేరు. "కామెర్లతోటి కన్నా కడుపు మాడి నీరసపడే ఎక్కువమంది పోతరు. ఉప్పు పెట్టచ్చు. నూనె జరంత వెయ్యచ్చు. పిల్ల నోరు తెరిచి ఏదన్న అడుగుతాందంటే మంచి గుర్తు. అడిగింది పెట్టాలె."

ఒక ముసలాయన "గిదేం కొత్త పురాణమే, మా తాతల కాన్నుంచి పత్యం లేదా?" అన్నాడు. "మీ తాతకు కామెర్లయితే మీరు పుడుదురా?" అని ఇంకొకామె అంటే అందరూ నవ్వారు.

ఆ నవ్వు సద్దుమణిగాక గోడ దగ్గర నుంచి సన్నగా వినిపించింది. "చేపలు పెట్టచ్చునా బిడ్డా?"

"పెట్టచ్చు అమ్మా. ముళ్ళు తీసి పెట్టాలె. బలం వస్తది."

"సచ్చిపోరా?"

"ఎందుకు సస్తరు? పెడితెనే బతుకుతరు."

సమ్మమ్మ తల ఊపింది. రోగి తనంతట తాను ప్రశ్న అడిగిందని హన్నా మేడం మెచ్చుకుంటూ ఏదో రాసుకుంది. ఎస్తేరుకు ఆ రోజు కాళ్ళు నేల మీద నిలవలేదు. తిండి నోటుబుక్కులో 'చేపల మీద ఆసక్తి చూపింది' అని రాసింది. వంటగదికి పోయి, "పెద్దమ్మా, మా సమ్మమ్మకు చేపల పులుసు కావాలె," అని బతిమాలి, మరునాడు వేడి వేడిగా గిన్నె నిండా తీసుకొచ్చి ఆమె ముందు పెట్టింది.

సమ్మమ్మ గిన్నె వైపు చూసింది. ఎస్తేరు వైపు చూసింది. లేచి, గోడ పట్టుకుని నడిచి, ఆ గిన్నెను కిటికీ గట్టు మీద పెట్టింది. దవాఖాన కాకులకు భయమా, పాడా. గిన్నె పెట్టీ పెట్టకముందే ఒకటి వాలి ముక్క ఎత్తుకుపోయింది.

"చూసినవా," అన్నది సమ్మమ్మ. "ఎంబడే తిన్నది. గిదే అడిగింది పిల్ల. పెడితె బతుకుతుండె."

ఎస్తేరుకు అప్పుడైనా అర్థం కావాల్సింది. కూతురికి పెట్టుకుని తల్లి మనసు కుదుటపడిందనుకుంది. అదే మాట తిండి నోటుబుక్కులో రాసేసింది కూడా.

ఆ తర్వాత సమ్మమ్మ మెతుకు ముట్టలేదు. సర్వపిండి తెచ్చి నోటి దగ్గర పెట్టినా మూతి తిప్పుకుంది. దీనమ్మే వచ్చి మంచం పక్కన కూచుని, "ఏందే సమ్మమ్మ, నా మీద కోపమా? పల్లీలు ఎక్కువ పోసిన సూడు," అని బుజ్జగించింది. "నీ మీద ఎందుకక్కా," అని సమ్మమ్మ కళ్ళు మూసుకుంది. మాటల గంటలో కూడా నోరు విప్పలేదు. శుక్రవారం మాటల నోటుబుక్కులో రాయడానికి ఎస్తేరుకు ఏమీ దొరకలేదు. ముల్లు ముప్పైరెండుకు దిగింది. ఇంటికి పోతానని పట్టుబడితే, వెంకటయ్య బండి కట్టించుకుని తీసుకుపోయాడు. పోయేటప్పుడు అతను ఈసారి ఏమీ అడగలేదు.

పది రోజులకు పరీక్ష తేదీ వచ్చింది. తమ తమ రోగి గురించి పూర్తిగా రాసి ఇవ్వాలని బీరువాలు రెండూ తెరిచి నోటుబుక్కులు తిరిగి ఇచ్చారు. ఎస్తేరు వంటగది అరుగు మీద రెంటినీ పక్కపక్కన పెట్టి తేదీల ప్రకారం చదువుకుంటూ పోయింది. ఒకదానిలో తన చేతి రాతే: 'ఇయ్యకపోబట్టి ఇరువై రెండు రోజులన్న ఉన్నది. అంతే గద?' ఇంకోదానిలో తన చేతి రాతే: 'చేపల మీద ఆసక్తి చూపింది.'

దీనమ్మ బియ్యం ఏరుతూ తలెత్తింది. "ఏమైందే, పాము కుట్టినట్టు గట్ల లేస్తివి?"

"సంపిన పెద్దమ్మా. ఆమెకున్న ఒక్క ధైర్యం నేనే గుంజుకున్న."

చెప్పులు వేసుకున్నదో లేదో కూడా చూసుకోలేదు. హన్మకొండ చౌరస్తాలో ధర్మసాగర్ బస్సు ఎక్కి, దారి పొడుగునా మాటలు పేర్చుకుంది. ఏం చెప్పాలి? పాఠం తప్పు అంటే అబద్ధం. ఒప్పు అంటే ఆమె బతకదు. నీకు ఎవరూ చెప్పలేదమ్మా, చెప్పేవాళ్ళు లేని పాపం నీది కాదు అని చెప్పాలనుకుంది. కాళ్ళ మీద పడైనా ఒక ముద్ద తినిపించాలనుకుంది.

ఇంటి ముందు బూడిదా, సగం కాలిన కట్టెలూ కనిపించాయి. అరుగు మీద వెంకటయ్య గుండుతో కూచున్నాడు.

"నిన్న పొద్దుగాల తల్లీ," అన్నాడు. లేచి ఎస్తేరుకు చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఆమె తాగాక అడిగాడు. "రేపు పిట్టకు పెట్టాలె. ఏడాది సంది ఇంట్ల ఏదీ ఇష్టంగ తినలే, ఏం పెట్టాల్నో తెలుస్తలేదు. నువ్వు దినాం రాసుకునేదానివి గద. దవాఖానల ఏం తిన్నది అమ్మా, ఇష్టంగ?"

గంజి ఎన్ని గ్రాములో, పాలు ఎన్ని గ్రాములో ఎస్తేరు తేదీతో సహా చెప్పగలదు. ఇష్టంగా ఏం తిన్నదో చెప్పడానికి ఆ ఎర్ర సున్నా లోపలిది తప్ప ఇంకేమీ లేదు.

మర్నాడు మొదటి బస్సుకు సర్వపిండి మోదుగాకుల్లో చుట్టుకుని వచ్చింది. దీనమ్మ తెల్లవారకముందే లేచి చేసింది. "సిలువ మొక్కే చేతులతోటి పిట్టకు చేస్తాన్న, మా పాస్టరుకు చెప్పకు," అంటూనే కళ్ళు తుడుచుకుంది.

చెరువు కట్ట కింద విస్తరి పెట్టి అందరూ దూరం జరిగారు. అన్నం, బెల్లం, గుడ్డు, మధ్యలో సర్వపిండి. ముసురు పట్టి ఉంది. తుమ్మచెట్టు మీద రెండు కాకులు ముడుచుకుని కూచున్నాయి. ఎంతసేపటికీ దిగలేదు. అప్పుడు చుట్టాలు ఒక్కొక్కరే మాట ఇవ్వడం మొదలుపెట్టారు. వెంకటయ్యను మంచిగ చూసుకుంటమే, రావే అని ఆడబిడ్డ అన్నది. కొమురమ్మ పేర ఏటా పెడతనే, రా అని వెంకటయ్య అన్నాడు.

ఎస్తేరు అందరి వెనుక నిలబడింది. వాళ్ళ ఇంట్లో ఈ నమ్మకం లేదు. అయినా ఆమె పెదవులు కదిలాయి. "తప్పు నాది అమ్మా. నీది గాదు. రా."

ఒక కాకి దిగింది. విస్తరికి రెండు అడుగుల దూరంలో వాలి, తల పక్కకు వంచి చూసింది. అది ముక్కు నేలకు రుద్దుకుని, ముట్టకుండానే లేచిపోయింది.

చినుకులు పెద్దవయ్యాయి. ఇంక లాభం లేదని వెంకటయ్య విస్తరి రెండు చేతులతో ఎత్తుకుని చెరువులోకి మోకాలి లోతు దిగి వదిలాడు. అది కొంతదూరం తేలింది. అన్నం చెదిరింది. సర్వపిండి నాని మునిగింది. మునిగిన చోట నీళ్ళు ఒక్కసారి గిలకొట్టినట్టు కదిలాయి.

"చేపలు," అన్నారెవరో.

వెంకటయ్య ఒడ్డుకు వచ్చి తడి కండువా పిండుకున్నాడు. ఎస్తేరు వైపు చూసి, "పదకొండింటికి బస్సున్నది బిడ్డా, తడువకు," అన్నాడు.