తొలగించు బటన్

ఎందుకు పోనంటోంది ఇది, ఒక్క పేరు, ఒక్క నొక్కు, అంతే కదా, అని మూడోసారి నొక్కాడు డయాలసిస్ టెక్నీషియన్, మూడోసారీ తెర మీద అవే ఎర్రక్షరాలు, వీడియో పాఠంలో మాస్టారికి మాత్రం అన్నీ నొక్కగానే పోతాయి, ఇది వెబ్ పేజీలు కట్టే తేలికపాటి ఫ్రేమ్‌వర్క్ అండీ, ఏడు లైన్లు రాస్తే పేజీ లేచి కూర్చుంటుంది అన్నాడాయన, లేచిన మాట నిజమే, దాని వెనక డేటాబేస్ కట్టేసరికి తన నడుం పడిపోయింది, మధ్యాహ్నం షిఫ్టులో మెషిన్లు తిరుగుతుంటే మూలనున్న కంప్యూటర్ ముందు నాలుగు నెలలు, ఒక చెవి పాఠానికి, ఒక చెవి అలారాలకి, ఇంకెన్నాళ్ళండీ ఆ రక్తం గొట్టాల మధ్య, కంప్యూటర్ పని నేర్చుకుని బయటపడండి, ఇంటికొచ్చినా ఇంట్లో ఉండటం లేదు మీరు, అని భార్య పోరితే మొదలైందే ఇదంతా, సాధనకి ఏదో ఒకటి కట్టమంటే చేతికి దొరికింది మళ్ళీ ఈ వార్డే, ఆరు కుర్చీలు, ఏ రోజు ఏ కుర్చీలో ఎవరు.

సోమవారం నుంచి నాలుగో కుర్చీకి కొత్తావిడ వస్తుంది, పాత పేరు తీసెయ్యి అంది ఇందాక పెద్ద సిస్టర్, పాత పేరంటే పేపరు తాత, మెషిన్ తగిలించగానే పేపరు విప్పి వార్డంతటికీ చదివి వినిపించేవాడు, సూది గుచ్చేటప్పుడు మాత్రం నోరు మూసుకుని కిటికీ వైపు తిరిగేవాడు, మొన్న గురువారం రాలేదు, కొడుకు ఫోన్ చేశాడు, ఆ కుర్చీని మందు వేసి తుడిచింది తనే, ఎర్రక్షరాలు మళ్ళీ చదివాడు, ఈసారి నిదానంగా, ఈ పేరును పట్టుకుని ఇంకో పట్టికలో ఇరవై నాలుగు వరుసలున్నాయట, ఆయన వచ్చిన ప్రతిసారీ ఒక వరుస, బరువు, బీపీ, వాటిని గాలికొదిలి పేరు తుడవనంటోంది డేటాబేస్, అన్నిటినీ కలిపి ఊడ్చేసే లైను ఒకటుంది, పదో పాఠంలో మాస్టారు చెప్పాడు, దాన్ని టైప్ చేశాడు, ఎంటర్ మీద వేలు కదల్లేదు.

తీశావా అయ్యా, అని వెనక నుంచి పెద్ద సిస్టర్, లేదక్కా, తీస్తే ఆయన వచ్చిన రోజులన్నీ పోతాయట, అయితే ఉండనీ, అని స్టూలు లాక్కుని కూలబడింది, మా పాత రిజిస్టర్లో పేరు మీద సన్నగా గీత కొట్టేదాన్ని, కింద పేరు కనబడుతూనే ఉండేది, చూస్తే బాధగా ఉండదా అక్కా, ఎందుకుండదు, కానీ పుస్తకంలో ఉన్నారులే అనుకుని ఇంటికెళ్ళి పడుకునేదాన్ని, అంది, ఐదో కుర్చీ అలారం మోగితే మోకాళ్ళు పట్టుకుని లేచి వెళ్ళింది.

రిజిస్టర్ తీసేసి గోడకి తెల్లబోర్డు పెట్టి రెండేళ్ళయింది, రోజూ సాయంత్రం దాన్ని తుడిచేది తనే, బోర్డు మీంచి పోయిన పేర్లు తన వెంటే ఇంటికొస్తున్నాయి, లారీ డ్రైవరు, కుట్టుమిషన్ పిల్ల, నవ్వితే దగ్గొచ్చే పంతులమ్మ, అన్నం ముందు కూర్చున్నా వాళ్ళే, పెళ్ళాం ఏదో అడిగితే ఊఁ అనడం తప్ప వినలేదు, టైప్ చేసిన లైను చెరిపేసి, పట్టికలో ఇంకో గడి చేర్చాడు, ఇక రారు అని, పేపరు తాత పేరు పక్కన అది పెట్టాడు, తర్వాత లారీ డ్రైవర్ని ఎక్కించాడు, తర్వాత కుట్టుమిషన్ పిల్లని, ఏడో పేరు దగ్గర కళ్ళు మసకబారినా వేళ్ళు ఆగలేదు, ఇన్నాళ్ళూ తను పారిపోవాలనుకున్నది ఈ పని నుంచి కాదు, వీళ్ళందరినీ ఒక్కడే గుర్తుపెట్టుకోవడం నుంచి.