పలచన చేసిన చేపలు

మా ఆయన పృథ్వీరాజ్‌కి ముక్కు మీదే కోపం. పెళ్లయిన మూడేళ్లలో రెండు కంచాలు గోడకి కొట్టాడు. మూడోది నా మీదకి విసరబోతే మా అత్త అసిరమ్మ అడ్డంపడి ఆపింది. అంతటి మనిషీ హాల్లో ఉన్న చేపల తొట్టి ముందు కూర్చుంటే మాత్రం పసిపిల్లాడే. అందులో ఇరవై నాలుగు ఆఫ్రికా సిక్లిడ్ చేపలున్నాయి. పసుపురంగు తల్లిచేప నోట్లో గుడ్లు దాచుకుని పద్దెనిమిది రోజులుగా ఏమీ తినడం లేదు.

"నానొచ్చీలోగా దానికేటైనా అయ్యిందో, ఈశ్వరీ, నీ సంగతి సూస్తాను," అని చెప్పి రైల్వే ట్రైనింగుకి వెళ్లాడు. వచ్చే నెలలో నౌపడకి బదిలీ. అక్కడి క్వార్టర్స్‌లో మేమిద్దరమే ఉండాలి. అత్త చీపురుపల్లిలోనే చేను చూసుకుంటుంది. ఆ సంగతి తలచుకుంటేనే నాకు అన్నం దిగడం లేదు.

ఈవేళ సాయంత్రం పాసింజరుకి ఆయన వస్తాడు. మధ్యాహ్నం బజారు నుంచి వచ్చేసరికి తొట్టి బోసిగా ఉంది. లెక్కపెట్టాను. ఆరే ఉన్నాయి.

"అత్తా! చేపలేవీ?"

"పలచన సేసినానే," అంది అత్త, మంచిపని చేసిన ముఖంతో. "నువ్వులసేను ఒత్తుగా ఉంటే కాపొస్తాదేటి? ఒకదాన్నొకటి రాసుకుంటన్నాయి, సూళ్లేకపోనాను. పక్కింటి రాజకుమారి నీళ్లకుండీలో ఏసినాను."

నలభై ఏళ్లుగా ఒత్తు మొక్కలు పీకిన చేతులవి. కానీ విజయనగరంలో చేపలమ్మే వెంకీ మరీమరీ చెప్పాడు, ఈ జాతిని ఇరుకుగానే ఉంచాలని. గుంపులో ఉంటే కొట్లాట అందరికీ తలా కాస్త పడుతుంది. తగ్గాయంటే బలమైనది ఒక్కదాన్నే పట్టుకుని చచ్చేదాకా తరుముతుంది.

అప్పటికే నీలం మగచేప పని మొదలుపెట్టింది. పసుపుది గాలిగొట్టం వెనక నీటి పైఅంచున నక్కింది. తోక సగం చిరిగింది. అది చస్తే నా గతేమిటి?

నీలందాన్ని వలతో పట్టి బకెట్లో వేశాను. హమ్మయ్య అనుకున్నాను. పావుగంట గడిచిందో లేదో, పొద్దుటిదాకా వెలిసిపోయి మూల దాక్కున్న ఇంకో మగది రంగెక్కింది. నేరుగా వెళ్లి పసుపుదాని కడుపులో పొడిచింది.

"ఇదేటే! ఇది మంచిదే కదా!"

"పెద్దది ఉన్నంతసేపే మంచిది అత్తా."

అత్త ముఖం పాలిపోయింది. కొంగు బిగించి తనే రాజకుమారి ఇంటికి పరుగెత్తింది. నేను తొట్టిలో చెయ్యి పెట్టి రాళ్లన్నీ తీసి, అటువి ఇటు మార్చి పేర్చాను. ఎవరి చోటేదో ఎవరికీ తెలియకపోతే కాసేపు పోరు ఆగుతుందని వెంకీయే చెప్పాడు. అత్త తెచ్చినవి పదహారే. రెండింటిని పిల్లి పట్టుకుపోయిందట. వాటితోపాటు నీలందాన్నీ వదిలి, లైటు ఆపి, తొట్టి మీద దుప్పటి కప్పాను.

గంట తర్వాత దుప్పటి ఎత్తి చూశాం. అన్నీ దారి తెలియక తిరుగుతున్నాయి. నీలంది ఒకదాన్ని తరమబోతే మధ్యలో ఇంకొకటి అడ్డొస్తోంది. పసుపుది ఓ రాతి వెనక ఊపిరి పీల్చుకుంటోంది. ఒళ్లంతా గీతలు, నోరు మాత్రం మూసే ఉంది.

అత్త చాలాసేపు దాన్నే చూసింది.

"మీ మావ సెయ్యి మొదట్లో నా మీద లెగలేదే," అంది నెమ్మదిగా. "పద్నాలుగు మందిమి ఒక్కింట్లో. ఆడి కోపం అందరికీ తలోకాస్త. ఏరుపడ్డాక మొదలైనాది. ఇద్దరమే గదా, ఇంకెవుల మీద పడతాది? పిల్లడు అదిరిపోతాడని నోరిప్పీదాన్ని కాదు."

భయంతో పాటు ఏడుపూ వచ్చింది.

"నౌపడ నానూ వస్తాను."

"మరి చేనో?"

"కౌలుకిచ్చీగల్ను. మీరిద్దరే ఉండొద్దు."

వీధి గేటు చప్పుడైంది. ఆయన చెప్పులు విప్పకుండానే తొట్టి దగ్గరకి వెళ్లి దుప్పటి లాగేశాడు. వేలు చూపిస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఇరవై రెండు దగ్గర ఆ వేలు ఆగింది.

అత్త లేచి వచ్చి నా ముందు నిలబడింది.