ఫిల్టరు లేని నలభై అయిదు కిలోమీటర్లు

పానా మొహం మళ్లీ చూడకూడదని అతను ఒట్టు పెట్టుకున్నాడు. పానా అంటే భార్య తమ్ముడే. చేతిలో ఎప్పుడూ పానా ఉంటుందని ఆ పేరు. మెకానిక్కునని చెప్పుకు తిరిగే ఆ మహానుభావుడి నోటి చలవ వల్లే అతని నోట్లో మట్టి పడింది.

అతను ఓనరమ్మ దగ్గర టాక్సీ డ్రైవరు. లీటరుకు పద్దెనిమిది ఇచ్చే బండి రెండు వారాలుగా పదిహేను దాటడం లేదు. "ఆ మూడు కిలోమీటర్లు ఎవరింటికి పోతున్నాయయ్యా?" అందావిడ. పెట్రోలు దొంగ అనలేదు, అంతే తేడా. రేపు పొద్దున తనే పక్కన కూర్చుంటానంది. ట్యాంకు నింపి, తిరిగొచ్చి మళ్లీ నింపి చూడటం. పద్దెనిమిది రాకపోతే తాళాలు ఇచ్చేయాలి, తను కట్టిన డిపాజిట్టు మీద ఆశ వదులుకోవాలి.

ఆ సాయంత్రం పానా బానెట్ ఎత్తి, ఎయిర్ ఫిల్టరు తీసి వెలుగుకు పట్టాడు. నల్లగా ఉంది.

"చూడు బావా, ముక్కులో దూది కుక్కుకుని పరిగెడుతోంది నీ బండి."

"కొత్తది వేయి మరి."

"సోమవారం గానీ రాదు. రేపటికి ఇది లేకుండా పోనీ. హాయిగా ఊపిరి తీసుకుంటుంది."

"దుమ్ము పోతే?"

"తారు రోడ్డు మీద దుమ్మెక్కడిది? నీకన్నీ పిరికి మాటలే!"

పొద్దున బండి బాగానే నడిచింది. సగం దూరం వెళ్లేసరికి వంతెన దగ్గర రోడ్డుకు అడ్డం పెట్టేశారు. ఓనరమ్మ చెయ్యి చూపింది. "కంకర క్వారీ దారిన పోనివ్వు."

అతను ఆ దారికి తిప్పాడు. ముందు కంకర టిప్పరు లారీ. దాని వెనక తెల్లటి రాతిపొడి గోడలా లేస్తోంది.

"అద్దాలు ఎక్కించు, ఊపిరాడటం లేదు."

ఎక్కించాడు. లోపల వాళ్లిద్దరికీ అద్దాలున్నాయి. బానెట్ కింద ఇంజను మాత్రం నోరు తెరుచుకుని ఆ పొడినంతా మింగుతోంది. బ్రేకు నొక్కి వెనకబడ్డాడు.

"ఏంటయ్యా ఆ నడక? మైలేజీ రాకపోతే తప్పు రోడ్డు మీదకి నెడతావా?"

ఇప్పుడే చెప్పేస్తే? ఫిల్టరు పీకి మోసం చేయబోయాడంటుంది. చెప్పకపోతే ఇంజను పోతుంది. రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ దగ్గి ఊరుకున్నాడు. మూడోసారి నోరు తెరిచేలోపే మీటరు మీద ఇంజను బొమ్మ ఉన్న పసుపు లైటు వెలిగింది. బండి కుదుపులతో, ఈడ్చుకుంటూ బంకు చేరింది.

నలభై అయిదు కిలోమీటర్లు. పట్టింది సరిగ్గా మూడు లీటర్లు. మళ్లీ పదిహేనే.

ఆవిడ బండిని పక్కనున్న షెడ్డులోకి పెట్టించింది. ముసలి మేస్త్రీ బానెట్ ఎత్తి, ఫిల్టరు డబ్బా విప్పి, వేలు పెట్టి చూశాడు. వేలు తెల్లబడింది.

"ఫిల్టరేదయ్యా?"

అతను ఓనరమ్మ వైపు తిరిగాడు. "మైలేజీ కోసం తీశాను మేడం. మా బావమరిది చెప్పాడు."

మేస్త్రీ నవ్వాడు. "కార్బొరేటరు రోజుల మాట అది. ఈ బళ్లలో గాలిని బట్టి పెట్రోలు కొలిచి వదలడానికి కంప్యూటరుంది. ఫిల్టరు మూసుకుపోతే పికప్ తగ్గుతుంది గానీ, మైలేజీ ఇంత పడిపోదు."

ఏదో వాసన తగిలి మేస్త్రీ వంగి, ముందు చక్రం మీద మగ్గుతో నీళ్లు పోశాడు. చుయ్‌మని ఆవిరి లేచింది.

"నీ దొంగ ఇదిగో. బ్రేకు పట్టేసి వదలడం లేదు. దీన్ని ఈడ్చుకుంటూ తిరిగితే తాగదూ? ఎవరయ్యా బ్రేకులు వేసింది?"

రెండు వారాల కింద వేసింది పానాయే. ఆ మాట గొంతులో ఉండగానే జేబులో ఫోను మోగింది.

"ఏం బావా, ఎంతొచ్చింది?"

అతను ఫోను కట్ చేశాడు.

ఓనరమ్మ చక్రం దగ్గర్నుంచి అతని వైపు తిరిగింది. "నువ్వు దొంగవి కావయ్యా. ఆ అనుమానం పడ్డందుకు తప్పు నాదే. కానీ నా ఇంజనుకి రాతిపొడి తినిపించింది నువ్వు."

అతను తాళాలు షెడ్డులోని బల్ల మీద పెట్టాడు. ఇంజను విప్పి బాగుచేయడానికి, మూడేళ్ల కింద తన ఆటో అమ్మి కట్టిన డిపాజిట్టు మొత్తం సరిపోయింది. అరవై రెండు వేల అయిదు వందలు.